మోరి గారు ఎవరు?

"మోరి గారు" అని వినగానే మీకేమనిపిస్తుంది? మోరి అని ఎవరో పెద్దాయన ఉన్నారు, ఆయన్ని మర్యాదగా పిలుస్తున్నారు అనిపిస్తుంది కదా! నాకూ అట్లాగే అనిపించింది. మా పిన్ని కూతురు ఫోన్‌లో ఒక జపాన్ వీడియో చూస్తోంది. అందులో అమ్మాయి మాటిమాటికీ "మోరి గారు" అంటోంది. "ఎవరే ఈ మోరి గారు? వాళ్ళ టీచరా?" అని అడిగాను. అది పడీ పడీ నవ్వింది.

జపనీస్‌లో మోరి అంటే అడవి. గారు అంటే ఇంగ్లీషు గర్ల్. మోరి గారు అంటే అడవి పిల్ల. అది ఒక మనిషి పేరు కాదు, బట్టలు వేసుకునే ఒక పద్ధతి పేరు. వదులుగా ఉండే నూలు గౌన్లు, ఒకదాని మీద ఒకటి రెండు మూడు పొరలు, మట్టి రంగు, ఆకు రంగు, మీగడ రంగు, అల్లిన శాలువా. చూస్తే ఈ పిల్ల అడవిలోనే ఉంటుందేమో అనిపించాలి. జపాన్‌వాళ్ళ మిక్సీ అనే నెట్‌వర్క్‌లో 2006 ప్రాంతంలో కొందరు అమ్మాయిలు కలిసి మొదలుపెట్టిన గుంపు నుంచి ఈ పేరు పాకింది.

గర్ల్ గారు ఎట్లా అయింది? మన డిపార్ట్‌మెంట్‌లో చదివేవాళ్ళకి ఇది చెప్పి తీరాలి. జపనీస్ మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి. 'న్' ఒక్కటే దానికి మినహాయింపు. అందుకే ఇంగ్లీషు మాట హల్లుతో ఆగిపోతే, వాళ్ళు చివర చాలాసార్లు ఒక ఉకారం తగిలిస్తారు. మనం బస్‌ని బస్సు అంటే వాళ్ళు బసు అంటారు. వాళ్ళకి 'ల' లేదు కాబట్టి దాని చోట 'ర' వస్తుంది. బాల్ బోరు అవుతుంది, గర్ల్ గారు అవుతుంది. పెన్ మాత్రం వాళ్ళకి పెన్‌గానే ఉంటుంది, మనమే దాన్ని పెన్ను చేశాం. ఇంత దూరంలో ఉన్న భాష, మన నోరు చేసే పనే చేస్తోందని తెలిశాక, ఆ మాటల వెంట పడ్డాను. ఆ మాటలు నన్ను బట్టల దాకా, బట్టలు కథల పుస్తకాల దాకా తీసుకెళ్ళాయి. ఈ వ్యాసంలో ఆ దారినే మీకు చూపిస్తాను.

హరాజుకు అనే చోటు

ఈ మాటల్లో చాలావాటికి కేంద్రం టోక్యోలోని హరాజుకు. అది షిబుయా వార్డులో ఉంది. రైల్వే స్టేషన్‌కి ఒక పక్క మెయిజీ గుడి, పెద్ద పెద్ద చెట్లు. ఇంకో పక్క తకెషిత వీధి. సుమారు 350 మీటర్ల ఇరుకు సందు, రెండు వైపులా బట్టల షాపులు. మాంబళం స్టేషన్ దిగగానే వచ్చే రంగనాథన్ వీధిని గుర్తు తెచ్చుకోండి, ఆ రద్దీ మీకు అర్థమైపోతుంది. దగ్గర్లోని పెద్ద రోడ్డును ఆదివారాలు బండ్లకి మూసేసి నడిచేవాళ్ళకి వదిలేవారు. 1998లో అది ఆగిపోయింది. అంతవరకు కుర్రకారు తమ కొత్త వేషాలతో వచ్చి తిరిగే చోటు అదే.

అక్కడ తిరిగే పిల్లల్ని ఫొటోలు తీసి షోయిచి అవోకీ అనే ఫొటోగ్రాఫర్ 1997లో ఫ్రూట్స్ అని ఒక పత్రిక మొదలుపెట్టారు. 2017 దాకా అచ్చయింది. అందులో మోడళ్ళు ఉండరు. రోడ్డు మీద కనిపించిన మనిషి, ఒక ఫొటో, కింద వయసు, చేసే పని, ఏ బట్ట ఎక్కడిది అన్న వివరం. చాలాచోట్ల పాత బట్టల షాపులో కొన్నది అనో, సొంతంగా కుట్టుకున్నది అనో ఉంటుంది. నాకు ఆ పత్రికలో నచ్చిన సంగతి అదే. డబ్బున్నవాళ్ళ ఫ్యాషన్ పై నుంచి కిందికి దిగుతుంది. ఇది రోడ్డు మీద పుట్టి పైకి పోయింది.

కొన్ని మాటలు, వాటి అర్థాలు

కవాయీ: ముద్దుగా ఉంది అని. చిన్నపిల్లని, కుక్కపిల్లని, పెన్సిల్ డబ్బాని, దేన్నయినా అనొచ్చు.

కెయ్: పేరు చివర తగిలే మాట. ఫలానా తరహా, ఫలానా వరస అని అర్థం. ఫెయిరీ కెయ్ అంటే లేత గులాబీ, లేత నీలం రంగుల్లో దేవకన్యల తరహా. విజువల్ కెయ్ అంటే ముఖానికి రంగులు, ఎత్తుగా దువ్విన జుట్టుతో స్టేజి ఎక్కే రాక్ గాయకుల తరహా. కెయ్ అని రాసే అక్షరంలో దారం అనే అక్షరం దాగి ఉంటుంది. దారంలాగా ఒకదాని వెంట ఒకటి కొనసాగేది కెయ్. మనకీ సూత్రం అంటే దారమే, పద్ధతీ అదే.

డెకోరా: డెకరేషన్‌లో సగం మాట. జుట్టుకి పదులకొద్దీ క్లిప్పులు, మెడ నిండా పూసలు, చేతుల నిండా గాజులు, అన్నీ మెరిసే రంగులు. నడుస్తుంటే చప్పుడు వినిపించాలి.

గ్యారు: ఇంగ్లీషు గ్యాల్ నుంచి వచ్చింది. 1990లలో షిబుయాలో, ముఖ్యంగా 109 అనే షాపుల భవనం చుట్టూ పెరిగిన తరహా. స్కూలు యూనిఫారం లంగాని పొట్టిగా మడిచి, కాళ్ళకి జారిపోయే లావు సాక్సులు వేసుకునే పిల్లల్ని కోగ్యారు అన్నారు.

గంగురో, యమన్బా: గ్యారు తరహాలోంచి 1990ల చివర పుట్టినవి. ఒంటిని బాగా నల్లగా చేసుకుని, జుట్టుని తెల్లగానో బంగారు రంగులోనో బ్లీచ్ చేసి, కళ్ళ చుట్టూ పెదాల మీదా తెల్ల రంగు వేస్తారు. జపాన్‌లో కూడా తెల్లతోలుంటే ఏడు లోపాలు కప్పడిపోతాయని ఒక సామెత ఉంది. అట్లాంటి ఊళ్ళో కావాలని నల్లబడటం అంటే ఎంత ధైర్యం కావాలో, ఫెయిర్‌నెస్ క్రీముల మధ్య పెరిగిన మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. యమన్బా అంటే వాళ్ళ జానపద కథల్లో కొండల్లో ఉండే ముసలి రాకాసి. వినేవాళ్ళకి అది తిట్టులాగే ఉంటుంది. ఆ అమ్మాయిలు మాత్రం ఆ పేరుతోనే దర్జాగా తిరిగారు.

లోలిత: ఇది ఎక్కువగా అపార్థమయ్యే మాట. ఆ పేరుతో 1955లో వచ్చిన ఇంగ్లీషు నవల ఒకటుంది. అది ఒక చిన్నపిల్లని హింసించిన మనిషి కథ. ఈ బట్టలు వేసుకునే అమ్మాయిలు మాత్రం ఆ నవలకీ తమకీ సంబంధం లేదంటారు. మోకాలి దాకా వచ్చే గంట ఆకారపు గౌను, ఫుల్ సాక్సులు, మెడ దాకా మూసిన జాకెట్టు, ఫ్రిల్స్, లేసు, తలకి రిబ్బను. పాత కాలపు యూరప్ బొమ్మలాగా ఉంటుంది. ఇందులో స్వీట్, గోథిక్, క్లాసిక్ అని శాఖలున్నాయి. మగవాళ్ళ కళ్ళ కోసం కాదు, మా కోసం మేం వేసుకుంటున్నాం అన్నది వాళ్ళ మాట.

కాస్‌ప్లే: ఇది వీధి ఫ్యాషన్ కాదు. ఒక కథలోని పాత్రలాగా తయారవడం కాస్‌ప్లే. లోలిత గౌను వేసుకున్న అమ్మాయి దగ్గరికి వెళ్ళి "నువ్వు ఏ కార్టూన్‌లో పాత్రవి?" అని అడిగితే కోపమొస్తుంది. కాస్‌ప్లేలో వేరేవాళ్ళ పేరు మనం తొడుక్కుంటాం. వీధి ఫ్యాషన్‌లో మనమే పాత్ర.

లోలిత గౌను ఫొటో ఒకటి మా అమ్మకి చూపించాను. మా అమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఫాల్, పీకో, జాకెట్లు, పిల్లల గౌన్లు. నేను ఇంతసేపు చెప్పిన సిద్ధాంతం ఏదీ ఆమెకి చెప్పలేదు. కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. "లోపల క్యాన్‌క్యాన్ వేసుండారు. ఊరికే నిలబడదు అంత ఉబ్బు. నడుము కాడ కుచ్చు చూడు, ఎంత సమంగా పట్టుండారో. ఇది కుట్టిన పిల్ల ఎవరో పనిమంతురాలే" అంది. వేసుకున్న పిల్ల గురించి కాదు, కుట్టిన పిల్ల గురించి! జపాన్‌వాళ్ళు పానియే అని పెద్ద పేరు పెట్టిన లోపలి పావడాని మా అమ్మ ఒక్క చూపులో క్యాన్‌క్యాన్ అని పట్టేసింది.

ఎవరు పెట్టిన పేరు?

ఈ మాటల జాబితా రాసుకుంటుంటే నాకు ఒకటి తట్టింది. పేర్లు రెండు రకాలు. మోరి గారు, డెకోరా లాంటివి ఇష్టపడి తగిలించుకున్న పేర్లు. గంగురో, యమన్బా లాంటివి నలుగురూ వెక్కిరించడానికి వీలైన పేర్లు. బట్టలు మారకపోయినా, పేరు ఎవరి చేతిలో ఉందో దాన్ని బట్టి మనిషి తల ఎత్తుకునో దించుకునో నడుస్తుంది.

ఇది నాకు జపాన్ నేర్పిన పాఠం కాదు. నేను స్కూల్లో ఉండగా క్లాసులో నన్ను "గొల్టి" అనేవారు. ఇది చదువుతున్న మీలో చాలామంది ఆ మాట వినే ఉంటారు. తెలుగు అన్న మాటనే తిరగేస్తే అది వచ్చిందని అంటారు. టిఫిన్ డబ్బాలో గోంగూర ఉన్నా గొల్టి, పరీక్షలో ఫస్టు వచ్చినా గొల్టి. ఎండాకాలం సెలవుల్లో నెల్లూరు పోతే అక్కడ మా మామయ్య పిల్లలు "అరవోళ్ళు వచ్చారు" అనేవారు. రైలు దిగే లోపల నా పేరు మారిపోయేది. రెండు ఊళ్ళలోనూ నా పేరు నా చేతిలో లేదు. ఎవరూ పగతో అనలేదు, నిజమే. అయినా నేను బస్సులో అమ్మతో ఫోన్ మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించడం అప్పుడే అలవాటైంది.

ఆ సంగతి మనసులో ఉండగా చదవబట్టే మాంగా నన్ను పట్టుకుంది.

ఆలోచింపజేసే ఫ్యాంటసీ

మాంగా అంటే జపాన్ బొమ్మల కథలు. పుస్తకం మనకి వెనక అట్ట అనిపించే వైపు నుంచి తెరవాలి, బొమ్మలు కుడి నుంచి ఎడమకి చదవాలి. మొదటి పది పేజీలు తికమక, తర్వాత అలవాటైపోతుంది. యుద్ధాలు, మంత్రాలు, రాక్షసులు ఉన్న మాంగాలు కోకొల్లలు. నేను చెప్పేది వాటిలో ఇంకో రకం. మంత్రం ఉంటుంది, కానీ మంత్రం వల్ల మనిషికి ఏమవుతుందన్న దగ్గర కథ ఆగి ఆలోచిస్తుంది.

ఉదాహరణకి ఫ్రీరెన్. కనెహితో యమద రాయగా త్సుకాస అబె బొమ్మలు గీస్తున్నారు. 2020లో మొదలైంది. మామూలు కథలు రాక్షసరాజుని చంపగానే అయిపోతాయి. ఇది అక్కడ మొదలవుతుంది. ఫ్రీరెన్ వెయ్యేళ్ళు దాటి బతికే ఎల్ఫ్ జాతి మంత్రగత్తె. హిమ్మెల్ అనే వీరుడితో కలిసి పదేళ్ళు ప్రయాణం చేసింది. ఆమె లెక్కలో అది నాలుగు రోజులతో సమానం. యాభై ఏళ్ళ తర్వాత వచ్చి చూస్తే హిమ్మెల్ ముసలివాడైపోయాడు, కొద్ది రోజులకే చనిపోయాడు. అతని అంత్యక్రియల్లో ఆమెకి ఏడుపొస్తుంది. పదేళ్ళు పక్కన నడిచిన మనిషి గురించి తనకేమీ తెలియదని, తెలుసుకోవాలని కూడా అనుకోలేదని అప్పుడు తెలుస్తుంది. మిగతా కథంతా ఆ మనిషిని తెలుసుకోవడానికి చేసే ప్రయాణమే.

పేర్లు తిరిగిచ్చే అబ్బాయి

పేర్ల గురించి నేను చెప్పాలనుకున్న మాంగా మాత్రం యూకి మిదొరికావా రాసి గీసిన నత్సుమే యూజిన్చో. యూజిన్ అంటే స్నేహితుడు, చో అంటే నోటుపుస్తకం. 2008లో యానిమేగా కూడా వచ్చింది.

నత్సుమేకి తల్లీతండ్రీ లేరు. ఎవరికీ కనిపించని యోకాయ్‌లు అతనికి కనిపిస్తాయి. యోకాయ్ అంటే వాళ్ళ జానపదంలోని దయ్యాలు, భూతాలు, చిన్న చిన్న దేవతలు అన్నీ కలిపిన మాట. లేనివి ఉన్నాయంటాడని అబద్ధాలకోరు అనే పేరు పడి, బంధువులు ఒకరింటి నుంచి ఇంకొకరింటికి తోసేస్తారు. వాళ్ళ అమ్మమ్మ రేకోకి కూడా ఇదే శక్తి ఉండేది. మనుషుల్లో తోడు దొరకని ఆ పిల్ల యోకాయ్‌లతో పందేలు కాసి, గెలిచి, ఓడినవాటి పేర్లు కాగితాల మీద రాయించుకుని పుస్తకంగా కుట్టింది. ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంటే ఆ పేర్లున్న యోకాయ్‌లు వాళ్ళకి బానిసలు. ఆ కాగితం చింపితే ప్రాణం పోతుంది.

ఇప్పుడు ఆ పుస్తకం మనవడి చేతికొచ్చింది. అతను దానితో రాజ్యమేలొచ్చు. కానీ వచ్చినవాటికి వచ్చినట్టు పేర్లు తిరిగిచ్చేస్తుంటాడు. కాగితం నోట కరిచి, చేతులు జోడించి, ఊపిరి వదులుతాడు. అక్షరాలు ఎగిరి ఎవరివి వాళ్ళ దగ్గరికి పోతాయి. అట్లా ఇచ్చేటప్పుడు ఆ యోకాయ్ జ్ఞాపకాలు అతనికి కనిపిస్తాయి. పేరు తిరిగివ్వడానికీ ఒకరి కథ వినడానికీ తేడా లేదన్నమాట.

అందులో మొదట్లోనే వచ్చే ఒక కథ చెప్తాను. ఒక చిన్న గుడిలో త్సుయుకామి అనే చిన్న దేవుడు ఉంటాడు. ఒకప్పుడు ఊరంతా మొక్కేవాళ్ళు, అప్పుడు మనిషంత ఉండేవాడు. మొక్కేవాళ్ళు తగ్గిన కొద్దీ అరచేతిలో పట్టేంత అయ్యాడు. చివరికి వస్తున్నది హనా అనే ఒక్క ముసలావిడే. ఆమె చనిపోతుంది, ఆమెతోపాటే ఆయనా కరిగిపోతాడు.

ఆ పేజీ మూసి నేను మా అవ్వని తలుచుకున్నాను. అవ్వ రవిక అనేది. అమ్మ జాకెట్టు అంటుంది. నేను బ్లౌజ్ అంటాను. అవ్వ పోయాక మా ఇంట్లో రవిక అన్నవాళ్ళు లేరు. ఆ మాట దగ్గరికి వచ్చే చివరి మనిషి ఆవిడే అని, ఆవిడ ఉండగా నాకు తెలియలేదు.

కుట్టుపనివాళ్ళ కూతురు

చివరిగా బట్టలూ మంత్రాలూ కలిసే మాంగా. కమొమె షిరహామా అనే ఆవిడ 2016లో మొదలుపెట్టిన విచ్ హ్యాట్ అటెలియే. కోసుగా ఉండే టోపీల మంత్రగాళ్ళు పనిచేసుకునే చోటు అని అర్థం. 2020లో అమెరికాలో ఐస్నర్ అవార్డు కూడా వచ్చింది. ఇంగ్లీషు అనువాదంలో దొరుకుతుంది.

కోకో ఒక పల్లెలో బట్టలు కుట్టే ఆవిడ కూతురు. మంత్రమంటే పిచ్చి. కానీ మంత్రం పుట్టుకతో రావాలి, నేర్చుకుంటే రాదు అని లోకమంతా నమ్ముతుంది. ఒకరోజు షాపుకి వచ్చిన మంత్రగాణ్ణి తలుపు సందులోంచి చూస్తుంది. అతను మంత్రం చదవడం లేదు, కలంతో గీస్తున్నాడు! వృత్తం గీసి, మధ్యలో గుర్తులు పెట్టి, ఆ వృత్తం మూసుకోగానే మంత్రం పనిచేస్తుంది. అంటే ఎవరైనా గీయొచ్చు. పుట్టుక అన్నది అబద్ధం. కోకో తన దగ్గరున్న ఒక పుస్తకం చూసి గీస్తుంది. అర్థం తెలియకుండా గీసిన ఆ గీత తల్లిని రాయి చేసేస్తుంది. తల్లిని మళ్ళీ మనిషిని చేయడం కోసం కోకో శిష్యురాలవుతుంది.

ఇక్కడ కథ మంచి, చెడు అని తేల్చేయదు. ఒకప్పుడు అందరికీ మంత్రం వచ్చి యుద్ధాలు చేసి నాశనం చేశారు, అందుకే దాచేశారు. మనిషి ఒంటి మీద మంత్రం వేయకూడదని చట్టం. ఆఖరికి రోగం నయం చేయడానికైనా సరే, వేయకూడదు. ఆ చట్టాన్ని ఒప్పుకున్నవాళ్ళది కోసు టోపీ, ఒప్పుకోనివాళ్ళది అంచున్న టోపీ. టోపీ చూసి మనిషి ఏ పక్షమో చెప్పేయొచ్చు. కానీ రెండు పక్షాల మాటా వింటే, ఎవరిది తప్పో మనం అంత తేలిగ్గా చెప్పలేం. చదువు కొందరి సొత్తుగా ఉంటే జరిగే అన్యాయం ఒక వైపు, అందరికీ వదిలేస్తే జరిగే ప్రమాదం ఇంకో వైపు. పన్నెండేళ్ళ పిల్ల చదివినా కథ అర్థమవుతుంది, మనం చదివితే రాత్రి నిద్ర పట్టదు.

ఈ కథ మా అమ్మకి తెలుగులో చెప్పాను. జాకెట్టుకి హుక్కులు కుడుతూ వింది. తల్లి రాయి అయిపోయిన చోట సూది ఆపింది. "కూతురికి మంచే చెయ్యాలనుండింది గదా పాపం. మళ్ళీ మనిషి అవుతుందా?" అని అడిగింది. "కథ ఇంకా అవలేదమ్మా" అన్నాను. "అయితే అయినాక చెప్పు" అని మళ్ళీ సూది అందుకుంది. ఆమెను కస్టమర్లు "టైలరమ్మ" అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారని, నీకు ఇష్టమేనా అని నేనెప్పుడూ అడగలేదు. ఆ రోజు అడిగాను. కాసేపు ఆలోచించి "ఇష్టమే" అంది. "మీ నాయన ఉద్యోగం పోయినప్పుడు ఆ పేరే గదా మనకు అన్నం పెట్టింది."

ఇక మీ వంతు. ఈ వ్యాసం పక్కనే ఒక తెల్ల కాగితం అంటించాను, దారానికి పెన్ను కట్టాను. మీ ఇంట్లో బట్టలకి వాడే మాట ఒకటి, ముఖ్యంగా మీ అవ్వో అమ్మమ్మో వాడింది, దాని మీద రాయండి. అది హోసూరు మాటైనా, కోవిల్‌పట్టి మాటైనా, బరంపురం మాటైనా సరే. మొదటి మాట నేనే రాశాను: రవిక.